కరెంటోళ్ల జట్టు కప్పు కొట్టిన సీజన్: మెరాల్కో బోల్ట్స్, 2023-24

ఇప్పటిదాకా నేను రివ్యూలు రాసింది మూడిటికే. ఇన్వర్టరు బ్యాటరీకి, కటింగ్ ప్లేయరుకి, ఇంట్లోకి కొన్న గ్రైండరుకి. ఈసారి రాసేది చేత్తో పట్టుకుని చూసే వస్తువు గురించి కాదు. ఫిలిప్పీన్స్‌లో పీబీఏ అని ఒక బాస్కెట్‌బాల్ లీగు ఉంది. అందులో మెరాల్కో బోల్ట్స్ అనే జట్టు ఆడిన ఒక సీజను గురించి. 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాకా ఎనిమిది నెలలు దాని వెంట పడ్డాను. డబ్బు పెట్టి కొన్న వస్తువుని వాడి చూసి బాగుందో లేదో నలుగురికీ చెప్తాం కదా, ఇంత టైము పెట్టి చూసినదాని గురించి ఎందుకు చెప్పకూడదు అనిపించింది.

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు కోశానో దారిలో చెప్తాను.

నాది నెల్లూరుకి ఏటవతల కోవూరు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌ని, 23 ఏళ్ల సర్వీసు. ఐటీఐ చదివే రోజుల్లో బాస్కెట్‌బాల్ పిచ్చి ఉండేది. ఉద్యోగం వచ్చాక స్తంభాలే తప్ప రింగు మొహం చూడలేదు. మళ్లీ ఆ ఆట దగ్గరికి తెచ్చింది మా పెద్దమ్మాయి. అది దవావోలో ఎంబీబీఎస్ చదువుతోంది. మన వైపు నుంచి ఫిలిప్పీన్స్‌కి డాక్టరు చదువుకి పోయిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు, మీకూ తెలిసే ఉంటుంది. ఒకరోజు వీడియో కాల్లో అన్నది, "నాన్నా, ఈ దేశంలో సందుకో బాస్కెట్‌బాల్ రింగు ఉంది. మనకి గల్లీలో వికెట్లు పాతినట్టు వీళ్లు కరెంటు స్తంభానికి చెక్క కొట్టి రింగు బిగిస్తారు" అని. స్తంభానికి రింగు అనేసరికి నాకు గుండె జల్లుమంది. ఏ స్తంభం, ఎల్‌టీనా, 11 కేవీనా, ఎర్తింగ్ ఉందా అని అడిగాను. అది నవ్వి, "ఉండు, నీకు నచ్చేది ఇంకోటి చెప్తా. మనీలాలో కరెంటు ఇచ్చే కంపెనీకి సొంత బాస్కెట్‌బాల్ టీము ఉంది" అంది. ఆ కంపెనీ మెరాల్కో.

తర్వాత అది మనీలా వెళ్లినప్పుడు ఒక ఫోటో పంపింది. స్తంభానికి కేబుళ్లు పిచ్చుక గూడులా చుట్టుకుని ఉన్నాయి. పైన డబ్బాలాంటి సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మరు వేలాడుతోంది. మన దగ్గర రెండు స్తంభాల మధ్య దిమ్మె కట్టి పెడతాం, వాళ్లది అమెరికా పద్ధతి, ఒంటి స్తంభానికే తగిలిస్తారు. ఫ్రీక్వెన్సీ కూడా మనది 50 హెర్ట్జ్, వాళ్లది 60. ఆ ఫోటోని మా సెక్షన్లో అందరికీ చూపించాను. ఆ కేబుళ్ల మధ్యలోంచి ఎక్కి పని చేసేవాళ్ల పేరుతో ఒక జట్టు ఆడుతోందంటే చూడకుండా ఎట్లా ఉంటాను?

ఇక అసలు సరుకు. పీబీఏ 1975 ఏప్రిల్ 9న మనీలా పక్కన క్యూబావ్‌లోని అరనెటా కొలీజియంలో మొదలైంది. ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు ఇదే. జట్లకి ఊరి పేర్లు ఉండవు, కంపెనీ పేర్లే. శాన్ మిగెల్ అంటే బీరు. హినెబ్రా అంటే జిన్ను. రెయిన్ ఆర్ షైన్ అంటే గోడకి వేసే రంగు. ఎన్‌లెక్స్ అంటే టోలు కట్టి వెళ్లే హైవే. మొదట నాకు ఇది అడ్డంగా అనిపించింది, ఊరు లేని జట్టుకి అభిమాని ఎట్లా పుడతాడని. చూడగా చూడగా అర్థమైంది. మన దగ్గర పోర్టులో చేసేవాడు పోర్టువాడే, ఆర్టీసీలో చేసేవాడు ఆర్టీసీవాడే. చేసే పని కూడా ఒక ఊరు లాంటిదే. నా మటుకు నాకు మెరాల్కో జెర్సీ మీద ఆ మెరుపు గీత చూస్తే డేంజర్ బోర్డు మీది గీతే గుర్తొస్తుంది, సొంతం అనిపిస్తుంది.

మెరాల్కో కంపెనీ 1903 నాటిది. కరెంటుతోపాటు ట్రాము బళ్లు కూడా నడిపింది. పీబీఏ పుట్టకముందే ఆ దేశంలో కంపెనీ జట్ల పోటీల్లో ఆడేది. అప్పుడు దాని పేరేంటో తెలుసా? మెరాల్కో రెడ్డి కిలోవాట్స్. మా అమ్మాయి ఈ పేరు పంపగానే మా ఆఫీసులో ఉన్న రెడ్లందరూ ఫోను చుట్టూ చేరారు. అది మన రెడ్డి కాదు. 1926లో అమెరికాలో ఒక కరెంటు కంపెనీ కోసం గీసిన బొమ్మ పేరు రెడ్డి కిలోవాట్. ఒళ్లంతా మెరుపు గీతలు, ముక్కు స్థానంలో బల్బు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కరెంటు రెడీ అని చెప్పడానికి ఆ పేరు పెట్టారు. ఆ బొమ్మ పేరునే మనీలా జట్టు తీసుకుంది. ఆ జట్టులో ఆడిన రాబర్ట్ జవోర్‌స్కీ తర్వాత్తర్వాత హినెబ్రాకి దేవుడయ్యాడు, సెనేటర్ కూడా అయ్యాడు. ఆ పాత జట్టు 1972లో ఆగిపోయింది. మళ్లీ 2010లో ఇంకో జట్టు హక్కులు కొని మెరాల్కో పీబీఏలోకి వచ్చింది.

వచ్చింది గానీ కప్పు రాలేదు. పీబీఏలో ఒక్కో సీజన్లోనే రెండు మూడు పోటీలు ఉంటాయి, దేని కప్పు దానిదే. 2016లో అందులో ఒకటైన గవర్నర్స్ కప్ ఫైనల్‌కి పోయింది, హినెబ్రా చేతిలో ఓడింది. 2017లో ఫైనల్, హినెబ్రా చేతిలోనే. 2019 సీజన్ ఫైనల్, మళ్లీ హినెబ్రా. 2021 సీజన్ ఫైనల్, మళ్లీ వాళ్లే. నాలుగు ఫైనళ్లు, నాలుగూ ఒకే జట్టుకి. 2016లో అయితే ఆరో మ్యాచ్ 88-88 దగ్గర ఉండగా జస్టిన్ బ్రౌన్లీ అనే అమెరికా ఆటగాడు గంట మోగే క్షణంలో మూడు పాయింట్ల షాటు వేసి కప్పు ఎత్తుకుపోయాడు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. హినెబ్రా వాళ్లు ఎనిమిదేళ్ల కరువు తీరిందని నేల మీద పడి దొర్లుతుంటారు. మెరాల్కో ఆటగాళ్లు మాత్రం ఎక్కడి వాళ్లక్కడ నిలబడిపోయి ఉంటారు. 2017 ఫైనల్ ఏడో మ్యాచ్‌కి 54,086 మంది వచ్చారట. అందులో ఎక్కువ మంది ఎవరి తరఫు ఉంటారో చెప్పక్కర్లేదు. హినెబ్రాకి ఆ దేశంలో ఉన్న జనాభిమానం అట్లాంటిది.

ఈ సంగతులన్నీ తెలిశాకే సీజన్ 48, అంటే ఈ 2023-24 సీజను, చూడటం మొదలుపెట్టాను. మీరూ అట్లాగే మొదలుపెట్టండి. వెనక కథ తెలియకుండా చూస్తే సగం రుచి పోతుంది.

సీజను నవంబరులో కమిషనర్స్ కప్‌తో మొదలైంది. అది ప్రతి జట్టూ ఒక విదేశీ ఆటగాణ్ణి పెట్టుకునే పోటీ. నాకు సరిగ్గా గుర్తున్నది తక్కువ, ఎందుకంటే డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను మా నెత్తిన పడింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటిందని వార్తల్లో చెప్పారు గానీ, దాటేముందు మన నెల్లూరుని రెండు రోజులు ఉతికి ఆరేసింది. ఆ వారమంతా మేము ఇంటి మొహం చూడలేదు. పొలాల్లో మోకాటి లోతు నీళ్లు, స్తంభాలు పడుకున్నాయి, కండక్టరు తీగ తెగి చేలల్లో కలిసిపోయింది. సబ్‌స్టేషన్లో తడి బట్టలతో కూర్చుని టీ తాగుతూ ఫోనులో ఐదు నిమిషాల హైలైట్సు చూసేవాణ్ణి. తోటి లైన్‌మన్లు "ఏందన్నా, ఇప్పుడు కూడా ఆ బంతాటేనా" అనేవాళ్లు. ఇవాళ మనం స్తంభాలు ఎత్తుతున్నాం, ఆ దేశంలో ఏడాదికి ఎన్ని తుఫాన్లొస్తాయో తెలుసా, వాళ్లూ ఇదే పని చేస్తారురా అని చెప్పాను. ఆ తర్వాత వాళ్లు కూడా తొంగి చూడటం మొదలుపెట్టారు.

ఆ కప్పులో మెరాల్కో క్వార్టర్ ఫైనల్లో ఫీనిక్స్ జట్టు మీద ఒక మ్యాచ్‌ని మూడు ఓవర్‌టైములు (స్కోరు సమమైతే ఇచ్చే అదనపు ఆట) ఆడి గెలిచింది. మెరాల్కో రెండూ గెలిస్తేనే ముందుకి పోతుంది, ఆ వెంటనే రెండో మ్యాచ్ ఓడి ఇంటికి పోయింది. అంత కష్టపడి గెలిచి, దాన్ని నిలబెట్టుకోలేకపోయారు. నాకు చాలా బాధేసింది. ఇక్కడితో ఆపేద్దామా అనిపించింది కూడా.

ఆపలేదు. ఫిబ్రవరి చివర్లో ఫిలిప్పీన్ కప్ మొదలైంది. ఈ రివ్యూ అంతా దీని కోసమే. ఇందులో విదేశీ ఆటగాళ్లు ఉండరు, అంతా వాళ్ల దేశంవాళ్లే. పీబీఏలో దీనికే గౌరవం ఎక్కువ. 12 జట్లు, ఒక్కో జట్టుకి 11 మ్యాచ్‌లు. మెరాల్కో ఆరు గెలిచి ఐదు ఓడింది. అంటే ఏదో పాసయ్యారు. అదే సమయంలో శాన్ మిగెల్ పది గెలిచి ఒకటే ఓడింది. ఆ ఒక్క ఓటమి ఎవరి చేతిలో? మెరాల్కో చేతిలోనే. ఆ రోజే మా అమ్మాయికి మెసేజ్ పెట్టాను, వీళ్లలో ఏదో ఉంది చూస్తుండు అని.

శాన్ మిగెల్ అంటే జూన్ మార్ ఫహార్డో. సెబూ దీవి మనిషి, ఆరడుగుల పది అంగుళాలు, అప్పటికే ఏడుసార్లు లీగు మొత్తానికి బెస్ట్ ప్లేయర్. రింగు కింద అతను వీపు ఆనించి నిలబడితే లారీ రివర్సు వస్తున్నట్టు ఉంటుంది. అట్లాంటి మనిషి మెరాల్కోకి లేడు. ఉన్నదల్లా క్రిస్ న్యూసమ్ అనే ఆరడుగుల రెండంగుళాల గార్డు (బంతి నడిపించే ఆటగాడు), క్లిఫ్ హాడ్జ్ అనే పాత కాపు, అలెయిన్ మాలిక్సీ, బాంగ్ క్వింటో, క్రిస్ బాంచెరో, కొత్తగా వచ్చిన పొడుగు కుర్రాడు బ్రాండన్ బేట్స్. హాడ్జ్ 2012 నుంచి, న్యూసమ్ 2015 నుంచి ఇదే జట్టులో ఉన్నారు. అంటే ఆ ఫైనళ్ల దెబ్బలన్నీ ఒంటి మీద పడినవాళ్లే. కోచ్ లూయిజీ ట్రిల్లో. ఇతను 2013లో అలాస్కా జట్టుకి కప్పు తెచ్చినవాడే.

ఇక్కడ హాడ్జ్ గురించి కాస్త ఆగి చెప్తాను. ఎవరైనా షాటు వేయగానే మనం బంతిని చూస్తాం, పైకి. మా గ్రౌండులో ఆడే పిలకాయలు కూడా అందరూ పైకే చూస్తారు, నోరు తెరుచుకుని. హాడ్జ్ బంతిని చూడడు. గిరుక్కున తిరిగి పక్కవాడి తొడల మీద కూర్చున్నట్టు వంగుతాడు. మోకాళ్లు మడుస్తాడు, మోచేతులు రెండు వైపులా చాపుతాడు, వీపుతో వాణ్ణి వెనక్కి నెడుతూ ఉంటాడు. బంతి రింగుకి తగిలి పక్కకి దూకేసరికి అక్కడ ఖాళీ ఇతనిదే అయి ఉంటుంది. బంతి అతని చేతికే వస్తుందని లేదు, చాలాసార్లు పక్కన ఉన్న బేట్స్ తీసుకుంటాడు. స్కోరు కార్డులో హాడ్జ్ పేరు ఎదురుగా ఏమీ పడదు. క్రేను పోని చోట మేము ఆరుగురం తాళ్లు పట్టి స్తంభం ఎత్తుతామే, అందులో స్తంభం మొదలు దగ్గర గడ్డపార పట్టుకుని కూర్చునేవాడు ఒకడుంటాడు. స్తంభం పైకి లేస్తున్నప్పుడు దాని మొదలు జారకుండా గుంతలోకి దించేది వాడే. ఫోటో తీసినప్పుడు వాడు కనపడడు. ఆ పని విలువ తెలిసినవాణ్ణి గనక హాడ్జ్‌ని చూస్తే నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

క్వార్టర్ ఫైనల్లో ఎన్‌లెక్స్ మీద 2-0. గమ్మున అయిపోయింది. సెమీ ఫైనల్ ఎవరి మీదో తెలుసుగా, హినెబ్రా మీద. ఏడు మ్యాచ్‌ల సిరీసు. అదే రోజుల్లో మన దగ్గర ఎలక్షన్లు. మే 13 పోలింగు. పోలింగు స్టేషన్లకి కరెంటు పోకూడదని పగలూ రాత్రీ డ్యూటీ. మధ్యలో ఒక్కో మ్యాచూ ముక్కలు ముక్కలుగా చూశాను. హినెబ్రా 3-2 ముందుంది. ఇంకొక్కటి గెలిస్తే చాలు వాళ్లకి. మా అమ్మాయి హాస్టల్లో అందరూ హినెబ్రా వైపే, "నాన్నా, మళ్లీ అదే కథ" అంది. అదే కథ కాలేదు. ఆరోది మెరాల్కో గెలిచింది. ఏడోది కూడా, 78-69. ఒక ప్రొఫెషనల్ జట్టుని, అదీ హినెబ్రాని, 69 దగ్గర ఆపడం అంటే నలభై ఎనిమిది నిమిషాలూ ఒక్కడు కూడా కాలు నేలకి ఆనించి రెస్టు తీసుకోలేదని అర్థం. మీరు ఈ సీజన్లో ఒక్క మ్యాచే పూర్తిగా చూడగలిగితే ఈ ఏడో మ్యాచ్ చూడండి. ఫైనల్ కంటే ముందు దీన్నే చెప్తాను. గొప్ప షాట్లు తక్కువ. అడ్డుకోవడం, అడ్డుకోవడం, మళ్లీ అడ్డుకోవడం. ఫైనల్లో నాలుగుసార్లు తమని ఓడించినవాళ్ల ముందు ఒక జట్టు అట్లా నిలబడటం చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

జూన్ 4న మన ఓట్ల లెక్కింపు. 5న అక్కడ ఫైనల్ మొదటి మ్యాచ్. ఊరంతా ఒక గోల, నాది ఒక గోల. మొదటిది మెరాల్కో 93-86. రెండోది శాన్ మిగెల్ 95-94, ఒక్క పాయింటు. మూడోది మెరాల్కో 93-89. నాలుగోది శాన్ మిగెల్ 111-101. ఐదోది మెరాల్కో 92-88. అంకెలు చూడండి, మెరాల్కో గెలిచినవన్నీ శాన్ మిగెల్‌ని తొంభై లోపు పట్టి ఉంచినప్పుడే. నాలుగో మ్యాచ్‌లో పట్టు వదిలారు, నూట పదకొండు పోశారు వాళ్లు. ఈ జట్టు ఎట్లా గెలుస్తుందో, ఎట్లా ఓడుతుందో ఈ అంకెల్లోనే ఉంది.

జూన్ 16, ఆదివారం, ఆరో మ్యాచ్, అరనెటాలో. టైము విషయంలో మనకి పెద్ద సుఖం ఉంది. మనీలా మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఏడున్నర అంటే మనకి సాయంత్రం ఐదు. అమెరికా లీగు ఎన్‌బీఏ చూసేవాళ్లలాగా తెల్లవారుజామున అలారం పెట్టుకునే పని లేదు. ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. హైస్కూలు గ్రౌండులో నా దగ్గర ఆట నేర్చుకునే పిలకాయలు తొమ్మిది మందిని ఇంటికి రమ్మన్నాను. మా ఆవిడ ఉల్లిపాయ బజ్జీలు వేసింది. మా అమ్మాయి అక్కడ టీవీ ముందు ఫోను నిలబెట్టి వీడియో కాల్ పెట్టింది, దాన్ని మేము మా టీవీకి ఎక్కించాం. బొమ్మ మసకే, బంతి కనపడితే చాలు అనుకున్నాం.

మెరాల్కో బాగా ముందుకెళ్లింది, తర్వాత శాన్ మిగెల్ మెల్లగా తవ్వుకుంటూ వచ్చింది. ఆఖరి నిమిషం. 78-75. మా ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల లైను సరిగ్గా అప్పుడు పోయింది. ఆ కంపెనీ పేరు రాయను గానీ, నెలకి ఇంతని కట్టించుకుని ఆదివారం ఫోను ఎత్తకపోవడం తప్పు. అర నిమిషం చేతులు పిసుక్కుని, నా మొబైల్ డేటా మీద మళ్లీ కాల్ కలిపాం. కలిసేసరికి 78-78. ఏమైంది అని అరిచాను. "ఫహార్డో త్రీ వేశాడు నాన్నా" అంది. ఆ లారీ మనిషి, రింగు కింద తప్ప ఇంకెక్కడా ఉండడనుకునే మనిషి, గీత బయట నుంచి మూడు పాయింట్లు. మూడు సెకన్ల పైచిలుకు మిగిలింది. 2016 మళ్లీ వచ్చిందని నా ఒళ్లు చల్లబడింది.

బంతి న్యూసమ్‌కి వచ్చింది. ఇక్కడ నేను చూసింది ఆ రోజు కాదు, తర్వాత వీడియోని మెల్లగా తిప్పి చూశాను, ఎన్నిసార్లో లెక్క లేదు. తొందరపడలేదు అతను. మూడు సెకన్లంటే మామూలు మనిషికి ఊపిరి తీసుకునే టైము. దూసుకుపోయి, ఒక్కసారి తిరిగి, వెనక్కి వాలుతూ వదిలాడు. తిరిగేటప్పుడు రింగు కనపడదు. అయినా కాళ్లు నేల మీద నుంచి లేచేసరికి భుజాలు రింగు వైపు తిన్నగా వచ్చేశాయి. అది అలవాటు వల్లే వస్తుంది. చీకట్లో స్తంభం ఎక్కినప్పుడు నా చెయ్యి చూడకుండానే సేఫ్టీ బెల్టు కొక్కెం మీదికి పోతుందే, అట్లాగ. బంతి లోపల పడింది. 80-78. ఇంకా 1.3 సెకన్లు ఉన్నాయి. శాన్ మిగెల్ ఆఖరి ప్రయత్నం పడలేదు. అయిపోయింది.

14 ఏళ్లకి మొదటి కప్పు. న్యూసమ్‌కే ఫైనల్స్ బెస్ట్ ప్లేయర్ ఇచ్చారు. ఇంట్లో పిలకాయలు గంతులేశారు, పక్కింటివాళ్లు ఏమైందోనని గోడ మీద నుంచి చూశారు. మా అమ్మాయి అక్కడ హాస్టల్లో ఒక్కతే కేకలు పెడుతోంది. ఏడాదిన్నర అయింది దాన్ని నేరుగా చూసి. ఆ పూట మాత్రం ఒకే గదిలో ఉన్నట్టే అనిపించింది.

ఇక లోపాలు. కోసిన అర మార్కు సంగతి.

మొదటిది, ఈ లీగులో రెండు పెద్ద ఇళ్లున్నాయి. శాన్ మిగెల్ గ్రూపుకి మూడు జట్లు: శాన్ మిగెల్, హినెబ్రా, మాగ్నోలియా. ఇంకో గ్రూపుకి మూడు: మెరాల్కో, టీఎన్‌టీ, ఎన్‌లెక్స్. పన్నెండులో ఆరు ఈ రెండిళ్లవే. కప్పులు కూడా ఎక్కువ వీళ్ల మధ్యే తిరుగుతాయి. నా జట్టు ఆ ఇళ్లలో ఒకదానిది కాబట్టి చెప్పకుండా ఉండటం న్యాయం కాదు. చిన్న కంపెనీల జట్లకి మంచి ఆటగాళ్లు నిలవరు. 2022లో అలాస్కా లాంటి పాత జట్టు లీగు వదిలేసి పోయింది. 1996లో ఒకే సీజన్లో మూడు కప్పులూ కొట్టిన జట్టు అది. ఇది లీగు పెద్దలు కూర్చుని ఆలోచించాల్సిన విషయం.

రెండోది, ఆ సీజన్లో మామూలుగా ఉండే మూడు పోటీలకి బదులు రెండే పెట్టారు. నాకు ఇంకోటి కూడా చూడాలని ఉండింది.

మూడోది మనబోటి వాళ్లకి. వ్యాఖ్యానం సగం ఇంగ్లీషు, సగం వాళ్ల భాష టగలాగ్. ఒక వాక్యం ఇంగ్లీషులో మొదలై టగలాగ్‌లో ముగుస్తుంది. మా పిలకాయలకి అసలు ఇబ్బంది అనిపించలేదు, మొదటి వారం నాకు తల తిరిగింది. తర్వాత గొంతు ఎక్కడ పెరిగితే అక్కడ చూడటం అలవాటైంది. పూర్తి మ్యాచ్‌ల కోసం వెతుక్కోవాలి, హైలైట్సు మాత్రం యూట్యూబులో సులభంగా దొరుకుతాయి. కొత్తవాళ్లు హైలైట్సుతో మొదలుపెడితే చాలు. కాకపోతే హైలైట్సులో హాడ్జ్ కనపడడు, అది గుర్తుంచుకోండి. పడిన బంతులే చూపిస్తారు, ఆపిన బంతులు చూపించరు. మెరాల్కో లాంటి జట్టుకి దానివల్ల అన్యాయం జరుగుతుంది. డేటా సంగతి అడిగితే, చిన్న ఫోనులో 480లో పెట్టుకుంటే పూర్తి మ్యాచ్‌కి రోజువారీ ప్యాకు సరిపోయింది నాకు.

మామూలు క్రికెట్ అభిమానికి ఇది నచ్చుతుందా అని మా సెక్షన్లో ఎనర్జీ అసిస్టెంటు కుర్రాడు అడిగాడు. నచ్చుతుంది, ఒక జట్టుని పట్టుకుంటే. ఏ జట్టూ లేకుండా చూస్తే పది మంది అటూ ఇటూ పరిగెత్తడమే. నీకు రంగుల షాపు ఉంటే రెయిన్ ఆర్ షైన్‌ని పట్టుకో, టోల్‌గేటు దగ్గర పనిచేస్తే ఎన్‌లెక్స్‌ని పట్టుకో అన్నాను. వాడు మాత్రం హినెబ్రాని పట్టుకున్నాడు, జవోర్‌స్కీ కథ విని. 1985లో మ్యాచ్ మధ్యలో పెదవి చిట్లి, ఆసుపత్రికి పోయి తొమ్మిది కుట్లు వేయించుకుని మళ్లీ కోర్టులోకి వచ్చి గెలిపించాడు ఆయన. అక్కడి నుంచే హినెబ్రావాళ్లకి 'చచ్చినా వదలం' అనే నినాదం వచ్చింది. ఆ కథ విన్నాక వాణ్ణి నేను ఏమీ అనలేదు.

తర్వాతి సీజన్ నుంచి అక్కడ నాలుగు పాయింట్ల గీత కూడా గీశారు, మూడు పాయింట్ల గీతకి ఇంకా వెనక. మా గ్రౌండు సిమెంటు కోర్టు మీద కూడా పిలకాయలు సుద్దతో గీసేశారు. నేను ఒప్పుకోలేదు, ముందు రెండు పాయింట్లవి నేర్చుకోండి అన్నాను. ఇప్పుడు రోజూ ఐదున్నరకి మొదటి పావుగంట షాట్లు లేవు. జంటలు జంటలుగా నిలబెట్టి, బంతి పైకి విసిరి, పైకి చూడకుండా తిరిగి మోకాళ్లు వంచడమే. తొమ్మిది మందిలో ఏడో క్లాసు పిల్లోడు ఒకడు, అందరికంటే పొట్టి, దీన్ని అందరికంటే ముందు పట్టాడు. నిన్న వాడి వెనక పదో క్లాసువాడు నిలబడి ఎంత నెట్టినా బంతి అందుకోలేకపోయాడు.